లిబర్టీ: గుంబద్ లేని మా కట్టడం

ముస్లింలు ఈ దేశానికి ఏమిచ్చారని ఎవరన్నా అడిగితే మనవాళ్లు వెంటనే తాజ్‌మహల్ పేరు చెప్తారు. హైదరాబాద్ వాళ్లయితే చార్మినార్ చూపిస్తారు. అడిగినవాడు నోరు మూసుకుంటాడు, చెప్పినవాడు గెలిచాననుకుంటాడు. ఆ జవాబులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అవన్నీ రాజులు కట్టించినవి. రాజుల గుమ్మటాలు మన ఖాతాలో రాసుకుంటే రాజుల యుద్ధాలు కూడా మన ఖాతాలోకే వస్తాయి. బాబర్ చేసినదానికి మస్తాన్ జవాబు చెప్పాల్సి వచ్చేది ఇక్కడే. రెండోది, ముస్లిం కట్టడమంటే గుంబద్ ఉండాలి, మీనార్ ఉండాలి, లేకపోతే అది ముస్లింలది కాదు అనే లెక్కని మనమే ఒప్పుకుంటున్నాం. గడ్డమూ టోపీ ఉంటేనే సాయిబు అనే లెక్క లాంటిదే ఇదీ.

అందుకని ఈ వ్యాసంలో మసీదు జోలికి, మక్బరా జోలికి పోవడం లేదు. ఒక సినిమా హాలు గురించి మాట్లాడతాను. ముంబయిలో మెరైన్ లైన్స్ దగ్గర, బాంబే హాస్పిటల్ ఎదురుగా ఉన్న లిబర్టీ. మన విమర్శకులు కవితల్నీ కథల్నీ చదువుతారు. కట్టడాన్ని కూడా చదవాలి. అందులో ఎవరు డబ్బు పెట్టారు, ఎవరు చెమట పెట్టారు, ఎవరి కథ ఆడింది, ఎవరి కథ ఆడలేదు, చివరికి ఎవరి పేరు మిగిలింది అని అడగాలి.

లిబర్టీని కట్టించినాయన హబీబ్ హుస్సేన్. రాజు కాదు, నవాబు కాదు. పత్తి వ్యాపారి. పని మొదలైంది 1947లో. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు కాబట్టి లిబర్టీ అని పేరు పెట్టారు. ఆ ఏడు ఎటువంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. రైళ్లలో శవాలు వస్తున్న ఏడు. ఉండాలా పోవాలా అని ప్రతి ముస్లిం ఇంట్లో రాత్రుళ్లు మాటలు నడుస్తున్న ఏడు. పోగలిగిన డబ్బున్నవాళ్లలో చాలామంది కరాచీకి పోయారు. మెహబూబ్ ఖాన్ ‘అన్మోల్ ఘడీ’లో పాడి నటించిన నూర్జహాన్ కూడా పోయింది. సరిగ్గా అప్పుడు ఒక ముస్లిం వ్యాపారి బొంబాయి నడిబొడ్డున తన డబ్బుని సిమెంటులో, కలపలో పోశాడు. పత్తి బేళ్లని ఓడెక్కించవచ్చు. సినిమా హాలుని ఓడెక్కించలేరు. ఈ దేశంలో ఉంటున్నానని చెప్పడానికి ఇంతకన్నా గట్టి కాగితం ఏముంటుంది? అయినా ఈ దేశంలో మా విధేయతకి రుజువు అడిగేవాళ్లు ఇటువంటి కాగితాలు ఎన్నడూ చదవరు.

కట్టడం గురించి చెప్పాలి. నక్షా గీసింది రిడ్లీ అబ్బాట్. పని పూర్తి కాకముందే ఆయన విమాన ప్రమాదంలో చనిపోయాడు. మిగిలిన పని జె.బి. ఫెర్నాండెజ్ చేతికి వచ్చింది. లోపలి అలంకారం వామన్ నామ్‌జోషీ చేశాడు. యజమాని ముస్లిం, నక్షా ఇంగ్లీషు పేరువాడిది, పూర్తి చేసింది క్రైస్తవుడు, అలంకారం మరాఠీవాడిది. బొంబాయి అంటే అదే.

దాని శైలిని ఆర్ట్ డెకో అంటారు. 1920లలో పారిస్‌లో పేరు తెచ్చుకుని, 1930లలో బొంబాయి సముద్రపు ఒడ్డున మేడలుగా లేచిన శైలి. రాజుల కాలపు కమానులు, తెల్లదొరల కాలపు గోపురాలు వద్దనుకుని సాఫీ గీతలతో, గుండ్రటి మూలలతో, మెట్లు మెట్లుగా లేచే ముఖాలతో వచ్చింది. ఓడలూ రేడియోలూ విమానాలూ కొత్తగా చూస్తున్న జనం మెచ్చిన శైలి. అందులో ఏ మతం గుర్తూ లేదు. లిబర్టీ ముందు నిలబడితే నిలువుగా పైకి లేచిన గోడ మీద పేరు రాత్రిపూట దీపాలతో వెలిగేలా ఉంటుంది. లోపలికి పోతే కలప. బర్మా టేకు, కెనడా సెడార్. తెరకి అటూ ఇటూ ఫౌంటెన్ నీళ్లు పైకెగిరి అలాగే గడ్డకట్టినట్టు చేసిన అలంకారం. పన్నెండు వందల సీట్లు. దీపాలు ఎక్కడున్నాయో కనపడకుండా వెలుతురు మాత్రం గోడల మీద పారుతుంది. ఆట మొదలుకాకముందే మనిషిని ఇంకో లోకంలోకి తీసుకుపోయే ఏర్పాటు అది.

అయితే అందం ఒక్కటే చెప్తే విమర్శ కాదు. అప్పటికే ఆ చుట్టుపక్కల పెద్ద హాళ్లున్నాయి. 1933లో వచ్చిన రీగల్ ఉంది. 1938లో వచ్చిన ఈరోస్, మెట్రో ఉన్నాయి. మెట్రోని కట్టించింది హాలీవుడ్ కంపెనీ ఎం.జి.ఎం. అవి ముఖ్యంగా ఇంగ్లీషు బొమ్మల కోసం కట్టినవి. దేశీ బొమ్మలు ఆడేది గిర్‌గావ్‌లో, గ్రాంట్ రోడ్డులో, మిల్లు కార్మికుల పేటల్లో. అంటే మెత్తటి కుర్చీ, చల్లగాలి ఇంగ్లీషుకి. చెక్క బెంచీ, చెమటకంపు మన భాషకి. ఈ తేడాని లిబర్టీ తిప్పికొట్టింది. అంత ఖరీదైన హాలుని హిందీ సినిమాల కోసమే కట్టారు. దొరల పేటలో దేశీ సినిమాకి దర్బారు పెట్టారు.

హిందీ సినిమా అంటున్నాం గాని ఆ రోజుల్లో తెర మీద వినపడింది ఏ భాష? ఇష్క్, దిల్, జమానా, ఇన్సాఫ్, వఫా, దునియా. దాన్ని హిందీ అని సర్టిఫికెట్ మీద రాశారు. 1947 తర్వాత ఉర్దూ ఆఫీసుల నుంచి పోయింది, బడుల నుంచి పోయింది. అది దేశద్రోహుల భాష అన్నారు. ఆ భాషే రాత్రి తొమ్మిది గంటలకి లిబర్టీలో పన్నెండు వందల మందిని ఏడిపించింది. మా హైదరాబాదులోనూ సినిమా హాళ్లకి యాకూత్ మహల్, జమ్రూద్ మహల్ అని కెంపు పేరూ పచ్చ పేరూ పెట్టుకున్నారు. ఆ పేర్ల అర్థం తెలియనివాళ్లు కూడా ఆ పేర్లు చెప్పి రిక్షా ఎక్కారు. పేరు మార్చుకుని బతకడం మనుషులే కాదు, మా భాష కూడా చేసింది.

ఇది చదివి అష్రాఫ్ దోస్తులు మురిసిపోనక్కర్లేదు. ఆ హాలు పేద సాయిబుల కోసం కట్టింది కాదు. దాని గోడకి టేకు పలకలు బిగించిన మిస్త్రీలు ఎంతమంది ఆ గోడల మధ్య కూచుని బొమ్మ చూసి ఉంటారు? పత్తి వ్యాపారి లాభంలో పత్తి ఏరిన కూలీ చెమట ఉంది. ముస్లింలంతా ఒక్కటే అని మనం ఎంత పాడుకున్నా బాల్కనీకి నేల టికెట్‌కి మధ్య గోడ ఉంది. కట్టడం మాది అంటున్నప్పుడు ఆ ‘మా’లో దర్జీలు, దూదేకులవాళ్లు, కసాబులు, మిస్త్రీలు ఎక్కడున్నారని అడగకుండా వదిలేస్తే, మనం కూడా రాజుల చరిత్రే రాస్తున్నట్టు.

1949 మార్చి 21న లిబర్టీ తలుపులు తెరుచుకున్నాయి. మొదటి బొమ్మ మెహబూబ్ ఖాన్ ‘అందాజ్’. దర్శకుడు మెహబూబ్. హీరోయిన్ నర్గీస్, అసలు పేరు ఫాతిమా రషీద్. ఇద్దరు హీరోల్లో ఒకరు రాజ్‌కపూర్, ఇంకొకరు దిలీప్‌కుమార్, అంటే యూసుఫ్ ఖాన్. సంగీతం నౌషాద్. పాటలు మజ్రూహ్ సుల్తాన్‌పురీ. తెర వెనక ఇంతమంది మావాళ్లు. తెర మీద మాత్రం నీనా, రాజన్, దిలీప్. పెద్దింటి హిందువుల కథ.

కథ కూడా చూడండి. నీనా ధనవంతుడి బిడ్డ. గుర్రమెక్కుతుంది, మగవాళ్లతో చనువుగా మాట్లాడుతుంది. ఆ చనువుని ఒకడు ప్రేమనుకుంటాడు, ఇంకొకడు పాపమనుకుంటాడు. చివరికి ఆమె చేతిలో ఒక హత్య. జైలు. తన బిడ్డని ఈ పరాయి పోకడల్లో పెంచొద్దని చెప్పి పోతుంది. లిబర్టీ అనే పేరు పెట్టుకున్న హాల్లో ఆడిన మొట్టమొదటి బొమ్మ, ఆడదానికి లిబర్టీ ఇస్తే ఏమవుతుందో చూడండి అని బెదిరించింది. కట్టడం కొత్త కాలం వైపు చూస్తుంటే కథ వెనక్కి చూసింది. ఈ సంగతిని మెహబూబ్ మావాడు కదా అని దాచిపెట్టలేం. మా ఇళ్లలో మగపిల్లవాడు సినిమాకి పోతే మురిపెం, ఆడపిల్ల పోతే మొహల్లా అంతా మాట. బుర్ఖా వేసుకుని చాటుగా మాట్నీకి పోయి, మగ్రిబ్ అజాన్ లోపల ఇల్లు చేరిన అమ్మీలు, ఖాలాలు ఎంతమంది లేరు? వాళ్లకి ఆ మూడు గంటల చీకటి ఎంత వెలుగో ఏ మౌల్వీ సాబ్ రాయలేదు, ఏ అభ్యుదయ కవీ రాయలేదు.

ఇంకో సంగతి. ‘అందాజ్’ పాటలు రాసిన మజ్రూహ్ ఆ తర్వాత కొద్దికాలానికే నెహ్రూకి వ్యతిరేకంగా కవిత చదివాడని జైలుపాలయ్యాడు. లిబర్టీలో ఆయన పాట, జైల్లో ఆయన. స్వాతంత్ర్యం అనే మాటకి కొలతలు అప్పుడే తెలిసిపోయాయి.

1957 అక్టోబర్ 25. దీపావళి రోజులు. లిబర్టీలో ‘మదర్ ఇండియా’. అదే హాల్లో ఏడాదికి పైగా ఆడింది. ఈ బొమ్మ గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాల్సింది లేదు. 1971లో జమునతో ‘బంగారు తల్లి’గా తెలుగులోకి కూడా వచ్చింది. కాని దాన్ని లిబర్టీలో పెట్టి చదివితే ఒక సంగతి కనపడుతుంది. గుజరాత్ పల్లె నుంచి బొంబాయికి పారిపోయి వచ్చి, ఎక్స్‌ట్రా వేషాలతో మొదలుపెట్టిన మెహబూబ్ ఖాన్ తీశాడు. వజాహత్ మిర్జా, అలీ రజా మాటలు రాశారు. షకీల్ బదాయూనీ పాటలు రాశాడు. నౌషాద్ బాణీలు కట్టాడు. నర్గీస్ రాధ అయింది. ముస్లిం వ్యాపారి కట్టించిన హాల్లో ఆడింది. భరతమాతకి ఈ దేశ సినిమాలో శాశ్వతమైన ముఖం ఇచ్చింది ఒక ఫాతిమా. నాగలి భుజాన వేసుకున్న ఆ బొమ్మని కేలెండర్లలో, పోస్టర్లలో చూసినవాళ్లెవరూ ఆ చేతి మతమేంటని అడగలేదు. అడగకపోవడం మంచిదే. కాని భరతమాత పేరుతోనే మా ఇళ్లు తగలబెట్టిన రోజులు వచ్చాక, ఇప్పుడు మేం అడగాల్సి వస్తోంది.

లౌకికవాద మిత్రులు ఇక్కడ వెంటనే అందుకుంటారు. చూశారా, ఇదే మన మిశ్రమ సంస్కృతి, గంగా-జమునీ తహజీబ్ అంటారు. వాళ్లనొక మాట అడగాలి. ఆ తహజీబ్‌లో ముస్లిం ఇచ్చినదేంటో తెలుస్తూనే ఉంది. పుచ్చుకున్నదేంటి? ‘మదర్ ఇండియా’ ఊళ్లో అప్పులిచ్చే సుఖీలాలా ఉన్నాడు, రైతులున్నారు, వరద ఉంది, కరువు ఉంది. ఆ ఊరి కథలో ముస్లిం ఇంటికి చోటులేదు. ఈ దేశంలో పీర్ల చావిడి లేని ఊరెక్కడుంది? తీసినవాళ్లకి తెలియక కాదు. మెహబూబ్ 1943లో ‘నజ్మా’ తీశాడు, 1947లో ‘ఏలాన్’ తీశాడు. రెండూ ముస్లిం కుటుంబాల కథలే. 1947 తర్వాత దేశమంతటి కథ చెప్పాలంటే తమని తాము కథలోంచి తీసేయాలని ఆ తరానికి అర్థమైంది. ఎవరూ ఆర్డరు వేయలేదు. ఆర్డరు అవసరం లేకుండానే అర్థమైంది. దాన్ని పిరికితనం అనను. భయపెట్టినవాళ్లని వదిలేసి భయపడ్డవాళ్లని తిట్టే విమర్శ మాకొద్దు.

తెర మీద ముస్లింకి అప్పుడప్పుడు చోటు దొరికింది. 1960లో ‘మొఘల్-ఎ-ఆజం’ మరాఠా మందిర్‌లో విడుదలైంది. అక్బర్‌గా వస్తే చోటుంది, అనార్కలిగా వస్తే చోటుంది. నవాబుగా, తవాయిఫ్‌గా, ఖవ్వాలీ పాడేవాడిగా చోటుంది. అద్దె ఇంట్లో ఉండే ముస్లింకి, ఉద్యోగం కోసం తిరిగే ముస్లింకి ఎం.ఎస్. సత్యు ‘గరమ్ హవా’ దాకా, అంటే 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. తెర మీద రాజు, బయట బస్తీలో పంక్చర్లు వేసేవాడు. మధ్యలో మనిషి మాయం.

ఇక 1994 ఆగస్టుకి వద్దాం. లిబర్టీ కథలో ఇది మూడో అంకం, అన్నిటికన్నా చేదుది. అంతకు ఇరవై నెలల ముందు, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ డిసెంబర్‌లో, 1993 జనవరిలో బొంబాయి తగలబడింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది చనిపోయారు. అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. తర్వాత మార్చి 12న బాంబులు. 257 మంది చనిపోయారు. ఆ బాంబుల్లో ఒకటి దాదర్‌లోని ప్లాజా సినిమా హాలు దగ్గర పేలింది. బొమ్మ చూడటానికి వచ్చిన మామూలు జనం. ప్రతీకారం అని దానికి పేరు పెట్టుకున్నవాళ్లు మా పేరు వాడుకున్నారు. ఆ పేరు వాడుకునే హక్కు వాళ్లకి మేం ఇవ్వలేదు. ఇది గట్టిగా చెప్పకపోతే ఈ వ్యాసంలో మిగతాది చెప్పే అర్హత మాకుండదు.

ఆ నగరంలో, ఆ గాయాల మీద, లిబర్టీలో ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ మొదలైంది. వంద వారాలకు పైగా ఆడింది. వీడియో కేసెట్లకి భయపడి ఇళ్లలో కూచున్న కుటుంబాలని మళ్లీ హాళ్లకి రప్పించిన బొమ్మ. కేసెట్ రాకుండా ఆపి, హాలుకి వస్తేనే చూడాలన్నారు. లిబర్టీకి మళ్లీ ప్రాణం పోసిందని అందరూ రాశారు. నిజమే. ఏ కథతో ప్రాణం పోసింది?

పద్నాలుగు పాటలు. నిశ్చితార్థం, పెళ్లి, సీమంతం, బారసాల. పెద్ద ఇల్లు, ఇంట్లో గుడి. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. బయట ప్రపంచం లేదు. బయట ఏం జరిగిందో అసలే లేదు. అందులో ఒక ముస్లిం డాక్టరు, ఆయన భార్య ఉన్నారు. ఆదాబ్ అంటారు, షాయిరీ చెప్తారు, నవ్విస్తారు. పండగలన్నిటికీ వచ్చి చప్పట్లు కొడతారు. వాళ్ల ఇంటికి మాత్రం ఎవరూ పోరు. వాళ్ల ఇంట్లో ఈద్ వచ్చిందో లేదో మనకి తెలియదు. ఆ ఇంట్లో కుక్కకి కథలో ఇంతకన్నా పెద్ద పని ఉంది. కృష్ణుడి బొమ్మ ముందు నిలబడి చీటీ సరైన చేతికి చేర్చి, పెళ్లి దిద్దింది ఆ కుక్కే. ముస్లిం డాక్టరు దేన్నీ దిద్దలేదు. ఆయన ఉన్నది ఆ ఇల్లు ఎంత మంచిదో చూపించడానికి. ఇంకా చేదు సంగతి, ఆ ఆదర్శ హిందూ కుటుంబపు ముద్దుల కొడుకు ప్రేమ్ వేషం వేసింది సల్మాన్ ఖాన్.

ఆ బొమ్మ చూసినవాళ్లు మతోన్మాదులని నేననడం లేదు. మా ఇళ్లలోనూ చూశారు. మా పెళ్లిళ్లలో దుల్హన్ చెల్లెళ్లు ఆ చెప్పులు దాచే పాట పెట్టుకుని ఆడారు. అదే అసలు విషయం. కత్తి పట్టుకుని వచ్చిన హిందూత్వని గుర్తుపట్టొచ్చు. మిఠాయి పళ్లెం పట్టుకుని, పాట పాడుతూ వచ్చినదాన్ని ఎట్లా గుర్తుపడతాం? దేశమంటే ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒకే పూజగది, మిగతావాళ్లు మంచి అతిథులు. ఈ మాటని ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత హాయిగా ఆ బొమ్మ చెప్పింది. స్వాతంత్ర్యం పేరుతో ఒక ముస్లిం కట్టించిన హాల్లో, ముస్లిం ఇంటివాడు కాదు, అతిథి మాత్రమే అని వంద వారాలు ఆడింది. కట్టడానికి నోరుంటే ఏమనేదో!

ఆ బొమ్మని అరవైకి పైగా సార్లు చూసిన మనిషి ఒకాయనున్నాడు. మక్బూల్ ఫిదా హుస్సేన్. మాధురీ దీక్షిత్ కోసం చూశాడని పత్రికలు నవ్వుకున్నాయి. ఆయన బొంబాయికి వచ్చిన కొత్తలో సినిమా హోర్డింగులు రాసి బతికాడు. నిచ్చెనెక్కి, పెద్ద పెద్ద రేకుల మీద హీరోల ముఖాలు గీసిన చేయి అది. ఏ ఊళ్లోనైనా చూడండి, ఈ పనిలో మావాళ్లు ఎంతోమంది. పోస్టరు రాసేవాళ్లు, కటౌట్లు కట్టేవాళ్లు, కార్బన్ కడ్డీల వెలుగులో కళ్లు పాడుచేసుకున్న ఆపరేటర్లు, గేటు దగ్గర టికెట్ చింపే చాచాలు, ఇంటర్వెల్‌లో సమోసాలు అమ్మే పిల్లలు. హుస్సేన్ ఒక్కడు ఆ నిచ్చెన దిగి ప్రపంచానికి తెలిసినవాడయ్యాడు. హైదరాబాద్ బంజారా హిల్స్‌లో సినిమా ఘర్ అని ఒక మ్యూజియం కూడా పెట్టాడు. అదీ మిగల్లేదు, ఆయననీ మిగలనివ్వలేదు. 1998లో ముంబయిలో ఆయన ఇంటి మీద దాడి చేశారు. కేసుల మీద కేసులు పెట్టారు. 2006లో దేశం వదిలాడు. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు. 2011 జూన్‌లో లండన్‌లో చనిపోయాడు. ఈ దేశపు సినిమా హాళ్లకి రంగులద్దినవాడికి ఈ దేశంలో ఆరడుగుల మట్టి దొరకలేదు.

ఇదే నిజాయితీతో సరిహద్దు అవతల కూడా చూడాలి. కరాచీలో నిషాత్ అనే సినిమా హాలు ఉండేది. అదీ 1947లోనే మొదలైంది. ఫాతిమా జిన్నా ప్రారంభించింది. లిబర్టీకి అక్క లాంటిది. 2012 సెప్టెంబర్ 21న ప్రవక్తని కించపరిచిన వీడియో మీద నిరసన పేరుతో గుంపు దాన్ని తగలబెట్టింది. ఆ వీడియోకీ ఆ హాలుకీ సంబంధం లేదు. తగలబెట్టినవాళ్లూ ముస్లింలే. హాలులో పనిచేసి పొట్టపోసుకున్నవాళ్లూ ముస్లింలే. అక్కడ ముస్లింల దేశంలో ముస్లిం గుంపు చేతిలో హాలు బూడిదైంది. సినిమా హరామ్ అని చెప్పేవాళ్లూ, ఆ సినిమా తీసినవాడు ముస్లిం కాబట్టి ఆడనివ్వం అని చెప్పేవాళ్లూ ఒకే పని చేస్తున్నారు. మేం ఇద్దరితోనూ లేం.

లిబర్టీని ఎవరూ తగలబెట్టలేదు. దాని గతి వేరే రకం. పెద్ద తెర హాళ్లని మతం చంపలేదు, లెక్కలు చంపాయి. పన్నెండు వందల సీట్లు రోజుకి నాలుగు ఆటలు నిండాలంటే జనం కావాలి. ఆ జనాన్ని మొదట టీవీ, తర్వాత కేసెట్, తర్వాత మాల్‌లోని మల్టీప్లెక్సు, తర్వాత చేతిలో ఫోను పంచుకున్నాయి. నడిబొడ్డు స్థలం రేటు పెరిగేకొద్దీ హాలు కన్నా ఖాళీ స్థలమే ఖరీదైంది. 2006లో మెట్రో చిన్న తెరల మల్టీప్లెక్సు అయింది. ఈరోస్ ఏళ్ల తరబడి మూతపడి, 2024లో ఐమాక్స్ తెరతో మళ్లీ తెరుచుకుంది. లిబర్టీని ముక్కలు చెయ్యకుండా హబీబ్ హుస్సేన్ కొడుకు నజీర్ హుస్సేన్ కాపాడుకుంటూ వచ్చాడు. ఆయన 2019లో చనిపోయాడు. అయితే కట్టడం మిగిలినంత మాత్రాన హాలు మిగిలినట్టు కాదు. 2010లు వచ్చేసరికి రోజువారీ ఆటల జీవితం సన్నగిల్లి, ఉత్సవాలు, షూటింగులు, ప్రత్యేక ఆటలు దానికి ఆధారమయ్యాయి. ఒకప్పుడు బ్లాకులో టికెట్ అమ్మిన చోట ఇప్పుడు ఫొటోలు తీసుకోవడానికి వస్తారు.

మల్టీప్లెక్సు వల్ల పోయింది పాత అందం మాత్రమే అనుకుంటే పొరపాటు. అల్లర్ల తర్వాత ముంబయి ముస్లింలు వేలాదిగా ముంబ్రా లాంటి చోట్లకి తరలిపోయారు. కలిసి ఉండే వీధులు విడిపోయాయి. ఇళ్లు విడిపోయాయి, బడులు విడిపోయాయి. పేరు అడగకుండా పక్కపక్కన కూచునే చోట్లు రైలు పెట్టె, సినిమా హాలు అని రెండో మూడో మిగిలాయి. హాల్లో నేల, బెంచీ, బాల్కనీ తేడాలు ఉన్నాయి, కాదనను. కాని ఒకే చీకట్లో, ఒకే మాటకి, పైవాడూ కిందవాడూ ఒక్కసారి నవ్వేవాళ్లు. మాల్ గుమ్మం దగ్గర బ్యాగు వెతికే మనిషి గడ్డాన్నీ బుర్ఖానీ ఎట్లా చూస్తాడో మాకు తెలుసు. టికెట్ రేటు మా బస్తీ కూలి ఎంతో చూసి పెట్టరు. పేదలందరూ హాలు బయటే ఉండిపోయారు. వాళ్లలో మేం ఇంకాస్త దూరంగా ఉండిపోయాం.

2018లో ముంబయి ఆర్ట్ డెకో కట్టడాలకి యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈరోస్, రీగల్ అందులో ఉన్నాయి. సంతోషం. అయితే ఈ వారసత్వపు పుస్తకాల్లో శైలి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆర్కిటెక్టు పేరు ఉంటుంది. డబ్బు పెట్టిన పార్సీ, ముస్లిం వ్యాపారుల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. కలప చెక్కిన మిస్త్రీ, ఫౌంటెన్ పోతపోసిన పనివాడు, నలభై ఏళ్లు ప్రొజెక్టరు తిప్పినవాడు అసలే ఉండరు. తెల్ల శైలిగా అయితే వారసత్వం. మా చెమటగా అయితే లెక్కలోకి రాదు.

లిబర్టీ కథలో నాకు నచ్చిన పేజీ ఒకటి ఈ మధ్యదే. 2010లలో కొన్నేళ్లపాటు స్వలింగ ప్రేమికుల, హిజ్రాల చలనచిత్రోత్సవం ‘కషిష్’ అక్కడ జరిగింది. ఇళ్లలోంచి గెంటేసినవాళ్లు, చట్టం నేరస్థులన్నవాళ్లు ఆ టేకు గోడల మధ్య తలెత్తి కూచుని తమ కథలు తాము చూసుకున్నారు. 1949లో నీనాని జైలుకి పంపిన తెర మీదే. స్వలింగ ప్రేమని నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది 2018లో. ఆ హాలు అంతకుముందే తలుపు తీసింది. ఇది మా మజ్‌హబ్‌కి విరుద్ధం అని గొణిగే పెద్దలు మాలో ఉన్నారని తెలుసు. వాళ్లకి ఒకటే జవాబు. అల్పసంఖ్యాకుడి బాధ అల్పసంఖ్యాకుడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంతకీ మేం కోరేదేంటి? లిబర్టీ మీద ముస్లిం బోర్డు పెట్టమని కాదు. అది అందరిదీ. అందరిదీ అన్నప్పుడు ఇచ్చినవాళ్ల పేరు చెరిపేయొద్దంటున్నాం. తెలుగులో రాసేవాళ్లని ఇంకొకటి అడుగుతున్నాం. మీ మీ ఊళ్లలో మూతపడ్డ, గోడౌనులైన, ఫంక్షన్ హాళ్లయిన టాకీసులున్నాయి. వాటిని ఎవరు కట్టించారు? పోస్టర్లు ఎవరు రాశారు? జనానా వైపు గేటు ఎవరు కాసేవాళ్లు? ఏ బొమ్మకి మొహల్లా మొత్తం వచ్చింది? ఏ బొమ్మ తర్వాత రావడం మానేసింది? ఆ ఆపరేటర్లు, పెయింటర్లు, గేటు కీపర్లు ముసలివాళ్లయ్యారు. ఇంకో పదేళ్లు పోతే చెప్పేవాళ్లుండరు. పోయి అడగండి, రాసుకోండి. గుంబద్‌ల గురించి చరిత్రకారులు చాలానే రాశారు. ఇవి మనం రాయకపోతే ఎవరూ రాయరు.